సముద్రం వైపు ఆడిన మా బావ

మా బావ పన్నెండేళ్ళు ఫుట్‌బాల్ ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు, ఊరంతా ఎరిగినదే. కాకపోతే ఊరంతా ఎరిగేలా చేసినవాణ్ణి మాత్రం నేనే.

పిఠాపురం నుంచి సముద్రం కేసి వస్తే రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మా ఊరు. అదివరకు రోడ్డు ఇంకాస్త ముందుకు వెళ్ళేది. ఆ ముక్క ఇప్పుడు నీళ్ళలో ఉంది. ఏడో తరగతి తప్పాక నేను బడికి సెలవు పెట్టాను. ఆ సెలవే ఇప్పటికీ నడుస్తోంది. తర్వాత ఒక ట్రాలీ ఆటో కొనుక్కున్నాను. పొద్దున్నే ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని పిఠాపురం, సామర్లకోట మార్కెట్లకి తోలడం, ఆదివారం మధ్యాహ్నం అదే ఆటో కడిగి మా ఊరి జట్టును ఎక్కించుకుని మ్యాచ్‌కి తోలడం నా పని. ఎంత కడిగినా కవళ్ళ చేపల వాసన పోయేది కాదు. మేం గ్రౌండుకు చేరేలోపే మేం వస్తున్నట్టు అవతలి జట్టుకు తెలిసిపోయేది.

"చేపలు దిగాయిరోయ్!" అనేవారు సామర్లకోట వాళ్ళు.

"ఆయ్, దిగాయండి. తాజావి. ముళ్ళుంటాయి, కాస్త చూసుకుని తినండి" అనేవాణ్ణి నేను, ఆటో తలుపు తీస్తూ.

తీరా ఆట మొదలయ్యాక వాళ్ళు మమ్మల్ని ముళ్ళు తీసి మరీ తినేవారు.

మా గ్రౌండు గురించి చెప్పకపోతే మా బావ గురించి చెప్పినా అర్థం కాదు. అది ఒడ్డున ఉన్న ఇసుక మేట. పడమర సరుగుడు తోట, తూర్పున సముద్రం. గోల్ స్తంభాలు ఉత్తరాన రెండు, దక్షిణాన రెండు. పడమటి లైను మేం ముగ్గుతో గీసేవాళ్ళం. తూర్పు లైను అల గీసేది. మాది ఒకసారి గీస్తే సాయంత్రం దాకా ఉండేది. అల తన గీతను నిమిషానికోసారి మార్చుకునేది. పైగా ఏటేటా కాస్త లోపలికి జరిగేది. నా చిన్నతనంలో వెడల్పుగా దుప్పటిలా ఉండే గ్రౌండు, నేను ఆటో కొనేసరికి తువ్వాలు అయింది, చివరికి రిబ్బను అయింది.

దానివల్ల మాకు మేలు కూడా జరిగింది. ఇరుకు చోట గట్టిగా తంతే బంతి తోటలోకైనా పోవాలి, నీళ్ళలోకైనా పోవాలి. అందుకని మావాళ్ళు కాలి పక్కనుంచి కాలి పక్కకి, చుట్ట అంటించుకున్నట్టు, చిన్నచిన్నగా అందించుకోవడం నేర్చుకున్నారు. పట్నం జట్లకి ఆ పని చేతనయ్యేది కాదు. వాళ్ళు తన్ని పరిగెత్తేవాళ్ళు, మేం ఇచ్చి పుచ్చుకునేవాళ్ళం. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదంటే, ఓడిపోతున్నాం అన్న సంగతి మాకు చివర్లో గాని గుర్తొచ్చేది కాదు.

కష్టమల్లా తూర్పు వైపే. బంతి అటు పోయిందంటే అల వెనక్కి లాగేసుకునేది. ఒకసారి అలా పోయిన బంతి మూడో రోజున మా ఊరి వలలోనే, కవళ్ళ మధ్యన దొరికింది. వేటకి వెళ్ళి ఫుట్‌బాల్ పట్టుకొచ్చిన ఊరు ఈ తీరంలో ఇంకోటి ఉండదు. అందుకే జట్టులో అందరికన్నా బాగా ఈదగలిగిన మా బావను తూర్పు అంచున నిలబెట్టారు. మా బావ అంటే మా అక్క మొగుడు. పేరుకు ఫార్వార్డు, చేసేది గట్టు పని. అటువైపు దొర్లిన బంతిని నీళ్ళలో పడకుండా ఆపాలి. పడితే ఈదుకుంటూ వెళ్ళి తేవాలి. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి కదా. కుడి పక్కన ఆడేవాడు అప్పటికీ కుడి పక్కనే ఉండాలంటే పడమరకి రావాలి. మా బావ రాడు. అల ఎటుంటే బావ అటు.

తనకి పాస్ ఇవ్వకూడదని ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఎవరూ ఇవ్వలేదు, అంతే. చేజేతులా బంతిని సముద్రం కేసి తన్నేవాడు మా ఊళ్ళో పుట్టలేదు.

తెలివైన వాళ్ళయితే పరాయి ఊరికి వెళ్ళాక ఈ ఏర్పాటు మార్చుకుంటారు. మేం మార్చుకోలేదు. సామర్లకోటలో ఆడినా, తునిలో ఆడినా, మావాళ్ళు ఆటో దిగగానే సూర్యుడు ఎటున్నాడో చూసుకుని బావను తూర్పున నిలబెట్టేవారు. పన్నెండేళ్ళు అక్కడే నిలబడ్డాడు. నేను ఆటో టాప్ మీద కూర్చుని ఊరుకునేవాణ్ణా?

"బావా, కాళ్ళు పీకుతున్నాయా? కుర్చీ పంపించనా?"

"బావా, అటువైపు ఎండ బాగుంది, వడియాలు పెట్టెయ్!"

అందరూ నవ్వేవారు. బావ కూడా నవ్వేవాడు. అది నాకు అలుసైపోయింది.

ఒకసారి పిఠాపురంలో ఓడిపోయి వస్తున్నాం. ఊరి మొదట్లో టీ తాగుతామని జట్టంతా దిగిపోయింది. నేను ముందే వచ్చి అక్క ఇంటి ముందు ఆటో ఆపి, హారన్ మోతెక్కించి, "అక్కా! బావ గోల్ కొట్టాడే!" అని కేకేశాను. అయిదు నిమిషాల సరదా అనుకున్నాను. ఆ అయిదు నిమిషాల్లో మా అక్క వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చెప్పేసింది. సేమియా వేయించి పాయసం పొయ్యి మీద పెట్టేసింది. బావ వచ్చేసరికి గుమ్మం నిండా ఆడవాళ్ళు.

"కొట్టావంట కదా అన్నయ్యా!"

బావ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూశాడు. తర్వాత "లేదమ్మా" అన్నాడు. లోపలికి వెళ్ళి పాయసం తాగాడు. తీపి సరిపోయింది అన్నాడు. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టుకు తిట్టు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఊరుకున్న మనిషికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఆ రోజు నుంచి అక్క ఆట గురించి అడగడం మానేసింది. జట్టు ఎప్పుడు తిరిగొచ్చినా ఒకటే ప్రశ్న. "దెబ్బలేమన్నా తగిలాయా?"

మూడేళ్ళ కిందట బావ మోకాలు వాచింది. అక్క కొబ్బరినూనె కాచి రాస్తూనే తీర్పు చెప్పేసింది. "ఈ ఏటితో సరి. వచ్చే ఏడాది నువ్వు గ్రౌండులో కనపడ్డావంటే బంతిని కత్తిపీట మీద పెట్టి రెండు చెక్కలు చేస్తాను." మా అక్క పండుగప్ప చేపను మూడు వేట్లలో ముక్కలు చేసే మనిషి. బావ సరే అన్నాడు.

మర్నాడు ఆటోలో నా పక్కన కూర్చుని, బయటికి చూస్తూ, మెల్లగా అడిగాడు.

"ఒరేయ్, మానేసేలోగా ఒక్కటైనా కొట్టగలనంటావా?"

నా నోట్లో అప్పటికే నాలుగైదు జోకులు వరస కట్టాయి. ఒక్కటీ బయటికి రాలేదు. "చూద్దాం బావా" అన్నాను. అంత చప్పటి మాట నేను అన్నది అదే మొదటిసారి అనుకుంటాను.

ఆ నెలలోనే మా పెదనాన్న భీమేశ్వరుడి దర్శనానికి సామర్లకోట తీసుకెళ్ళమన్నాడు. పెదనాన్నంటే ఒడ్డున అలివి వల లాగేటప్పుడు కేక వేసే మనిషి. అది చాలా పెద్ద వల, పాతిక ముప్ఫై మంది లాగాలి. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆగాలో ఆయన గొంతే చెప్పాలి. ఇంకెవరూ నోరెత్తకూడదు. ఫుట్‌బాల్ ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆ ఆదివారం సామర్లకోటలోనే మా మ్యాచ్. దర్శనం చేయించి, విభూతి బొట్టుతో సహా తీసుకొచ్చి ఆటోలో కూర్చోబెట్టాను.

ఆయన బంతి ఎటు పోతే అటు తల తిప్పుతూ చూశాడు. తర్వాత అడిగాడు.

"అల్లుడొక్కడూ ఆ మూల నిలబడ్డాడేంట్రా? ఎవరైనా కోప్పడ్డారా?"

"లేదు పెదనాన్నా, అది బావ చోటు."

"చోటయితే అటు బంతి రాదేం?"

"అది సముద్రం వైపు కదా."

పెదనాన్న కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూశాడు. ఒక గోడ, గోడ అవతల రెండు కొబ్బరి చెట్లు, చెట్ల కింద పడుకున్న గేదె.

"గేదె ఉందిరా" అన్నాడు.

ఆ రోజు నాలుగు గోల్స్ తిన్నాం. పెదనాన్న మాకంటే ఎక్కువ బాధపడ్డాడు. మేం అలవాటు పడ్డవాళ్ళం, ఆయన కొత్త.

మర్నాడు పొద్దున్నే వల దింపారు. పడవ వలను వలయంలా వదిలి వస్తుంది, దాని రెండు తాళ్ళూ ఒడ్డుకి వస్తాయి. ఉత్తరం తాడు ఒక గుంపు, దక్షిణం తాడు ఒక గుంపు పట్టుకుని లాగుతారు. లాగేవాళ్ళలో సగం మంది మా జట్టువాళ్ళే. వల మధ్యనున్న సంచి దగ్గరికి వస్తోంది, నీళ్ళ మీద తెల్లగా తళతళలు మొదలయ్యాయి. అప్పుడు పెదనాన్న కేకేశాడు.

"ఉత్తరం తాడు ఆగండి!"

ఆగారు. దక్షిణం వాళ్ళు లాగుతూనే ఉన్నారు. వల ఒక పక్కకి వంకర పోయింది. తళతళలన్నీ ఉత్తరం వైపు జారి, చూస్తుండగానే లోతుకి వెళ్ళిపోయాయి.

గంపలతో నిలబడ్డ ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. "ఈయనకేం పుట్టింది ఇయ్యాల? చేపలన్నీ పోయాయి!"

"పోనీండమ్మా" అన్నాడు పెదనాన్న. మావాళ్ళ వైపు తిరిగాడు. "నిన్న నాలుగెలా పోయాయో తెలిసిందా? ఒక తాడు లాగి ఒక తాడు వదిలేసి ఆడుతున్నారు. అల్లుడి చేతికి తాడిచ్చినోడు ఒక్కడున్నాడా మీలో?"

అలివి వల లాగేటప్పుడు ఇంకో పద్ధతి ఉంది. అందరూ తాడు పట్టుకుని వెనక్కి నడుస్తారు. అందరికన్నా వెనక ఉన్నవాడు తాడు వదిలి, నడిచి మళ్ళీ నీళ్ళ దగ్గరికి వెళ్ళి అందరికన్నా ముందు పట్టుకుంటాడు. అలా తిరుగుతూనే ఉంటారు, తాడు మాత్రం ఎక్కడా ఆగదు.

"తాడు వదిలినోడు ఎక్కడికెళ్తాడు?" అన్నాడు పెదనాన్న.

"ముందుకి."

"మరి బంతి వదిలినోడు ఎక్కడికెళ్తున్నాడు?"

"ఎక్కడికీ వెళ్ళట్లేదు. నిలబడి చూస్తున్నాడు" అన్నాడు గోల్ కాసే మా గోలీ.

"ఏం చూస్తున్నాడు?"

"తన అందం చూసుకుంటున్నాడు పెదనాన్నా" అన్నాను నేను.

"ఇంకోటి. వల దగ్గర రెండు గొంతులు ఉండకూడదు. ఇక మీదట కేక గోలీదే. వాడికి అందరూ కనపడతారు." నా వైపు వేలు చూపించాడు. "నువ్వు ఆటో మీద కూర్చుని కొట్టు, తన్ను, అటివ్వు, ఇటివ్వు అని అరిచావంటే దింపేస్తాను."

"ఆటో నాదే కదా పెదనాన్నా."

"ఆటో దింపమన్నానా? నిన్ను దింపుతాను."

ఆ సాయంత్రం గ్రౌండులో అందరూ కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ఇవ్వడం, ముందుకు పరిగెత్తడం బాగానే కుదిరింది. బావకి మాత్రం బంతి పోదు. ఇద్దామని కాలెత్తుతారు, అలను చూస్తారు, వెనక్కి తిప్పేస్తారు. పెదనాన్న కాసేపు చూసి, "ఏంట్రా మళ్ళీ?" అన్నాడు.

"నీళ్ళలోకి పోతుందండి" అన్నారు.

ఆయన పాకలోకి వెళ్ళి, చిరిగిపోయిన వల ఒకటి భుజాన వేసుకొచ్చాడు. సరుగుడు కర్రలు అల అంచు వెంబడే వరసగా పాతించాడు. వాటికి ఆ వల కట్టించాడు, ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా. బంతి కాదు కదా, పీత కూడా పోదు.

మేమందరం నిలబడిపోయాం. ఊరంతా వలలే. ఇంటి ముందు వల, పడవలో వల, ఆరేసిన వల, అల్లుతున్న వల. పుట్టినప్పుడు మమ్మల్ని ఊపిన ఉయ్యాల కూడా వలతో కట్టిందే. పన్నెండేళ్ళుగా బంతి కోసం ఈత కొట్టాం గాని, ఒక పాత వల అడ్డం కట్టుకుందామని మాలో ఒక్కడికి తట్టలేదు. సిగ్గుతో ఎవరూ ఎవరి మొహం చూసుకోలేదు. నేను చూశాను, అందరివీ.

ఆ తర్వాత బావకి మొదటి పాస్ వచ్చింది. నిజంగా తనకే ఇచ్చిన పాస్. వస్తున్న బంతిని బావ వంగి రెండు చేతులతో పట్టేసుకున్నాడు.

"హ్యాండ్!" అని అరిచింది జట్టంతా.

"అలవాటయిపోయింద్రా" అన్నాడు బావ, బంతిని గుండెకి అదుముకుని.

ఆ నాలుగు నెలల సాయంత్రాలు ఎప్పుడు తలుచుకున్నా నా నోటికి ఉప్పగా తగులుతాయి. చేపల లోడు దించేసి, వేడివేడి పునుగులు పొట్లం కట్టించుకుని వచ్చి ఆటో టాప్ ఎక్కేవాణ్ణి. కింద మావాళ్ళు ఆడుతుంటే చూడ్డమే పని. గోలీ ఒక్కడి గొంతు, అల చప్పుడు, ఇసుక మీద కాళ్ళ చప్పుడు. బంతి పడమర నుంచి మధ్యకి, మధ్య నుంచి తూర్పుకి, మళ్ళీ మధ్యకి. ఇచ్చినవాడు ఆగడు. వాడు వదిలిన చోటుకి ఇంకొకడు వస్తాడు. పదకొండు మంది ఆడుతున్నట్టు ఉండేది కాదు, ఒక పొడవాటి తాడు ఆడుతున్నట్టు ఉండేది. బావ కుంటుతూనే పరిగెత్తేవాడు. వల మీద పడి వెనక్కి వచ్చిన బంతిని చూసి ప్రతిసారీ ఆశ్చర్యపోయేవాడు. నేను నోరు మూసుకుని పునుగులు తినేవాణ్ణి. నోట్లో ఏదో ఒకటి ఉంటే తప్ప ఊరుకోలేనని పెదనాన్నే ఆ పునుగులు సిఫారసు చేశాడు.

ఆ ఏడాది టోర్నమెంటులో సెమీఫైనల్ దాకా వచ్చాం. అది సామర్లకోట వాళ్ళతోనే పడింది, వాళ్ళ గ్రౌండులోనే.

"చేపలు దిగాయిరోయ్!"

నేను తలుపు తీసి, నవ్వి ఊరుకున్నాను. అవతలివాళ్ళు కంగారు పడ్డారు. నాకు ఒంట్లో బాగోలేదనుకున్నారు.

మావాళ్ళు సూర్యుణ్ణి చూసుకుని బావను తూర్పునే పెట్టారు, ఎప్పటిలాగే. సామర్లకోట వాళ్ళకి మా తూర్పు గురించి బాగా తెలుసు. అటువైపు కాపలా కాయాల్సినవాడు హాయిగా మా గోల్ కేసి వచ్చేశాడు. మొదట్లోనే ఒక గోల్ పెట్టేశారు కూడా. తర్వాత మా గోలీ కేక వేశాడు, "రెండో తాడూ!" బంతి మధ్య నుంచి తూర్పుకి దొర్లింది. అక్కడ బావ, బావ ముందు ఖాళీ నేల, గోడవతల గేదె. బావ బంతిని ఆపాడు. ఆపి, అలవాటు చొప్పున వెనక్కి ఇచ్చేశాడు. నేను మూడు పునుగులు ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను.

రెండోసారి వచ్చినప్పుడు వెనక్కి ఇవ్వలేదు. నాలుగడుగులు తీసుకెళ్ళి గోల్ ముందుకి ఎత్తి వేశాడు. మావాడొకడు తలతో పెట్టాడు. ఒకటీ ఒకటీ.

హాఫ్ టైమ్‌లో సామర్లకోట వాళ్ళు గట్టిగా మాట్లాడుకోవడం ఆటో మీదికి వినపడింది. రెండో సగంలో ఇద్దర్ని తీసుకెళ్ళి తూర్పున కాపలా పెట్టారు. పన్నెండేళ్ళ అనుభవం మరి. మావాళ్ళు బావను తూర్పునే నిలబెడతారని వాళ్ళకి తెలుసు.

బావ లైను దగ్గర నిలబడి పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న గడ్డం పడమరకి తిప్పాడు. బావ గ్రౌండంతా అడ్డంగా నడుచుకుంటూ పడమర వైపుకి వచ్చాడు. సరిగ్గా నా ఆటో ముందుకి. పన్నెండేళ్ళలో మొట్టమొదటిసారి బావ మొహం నాకు అంత దగ్గరగా కనిపించింది ఆట మధ్యలో. కొత్త ఊరు వచ్చినవాడిలా అటూ ఇటూ చూసుకుంటున్నాడు.

"ఇటువైపు ఎలా ఉంది బావా?" అన్నాను, ఊరుకోలేక.

"నీడగా ఉందిరా" అన్నాడు.

తూర్పున ఆ ఇద్దరూ ఎవరూ లేని చోటుని చాలా జాగ్రత్తగా కాశారు. ఆట ఇంకొంచెంలో అయిపోతుందనగా బంతి బావ దగ్గరకొచ్చింది. బావ దాన్ని గ్రౌండు లోపల ఉన్న మావాడికి అందించాడు. అందించి నిలబడలేదు. తాడు వదిలినవాడు ముందుకెళ్ళాలి కదా. ఆ వాచిన మోకాలితో ముందుకి పరిగెత్తాడు. లోపలివాడు మళ్ళీ బావ ముందుకే వేశాడు. బావ ఆగలేదు, చూడలేదు, ఈడ్చి తన్నాడు. బంతి నేల మీదే దొర్లుకుంటూ వెళ్ళి, స్తంభానికి లోపలి వైపు తగిలి, గోల్లో పడింది.

ఫోన్‌లో వీడియో తీస్తున్నాను నేను. బంతి కాలు వదిలిన క్షణంలో నేను ఆటో టాప్ మీది నుంచి దూకేశాను. కాబట్టి ఆ వీడియోలో మొదట ఆకాశం, తర్వాత నా చెప్పు, ఆ తర్వాత నేల, అన్నిటి మీదా నా అరుపు ఉన్నాయి. గోల్ లేదు.

నేను లేచి చూసేసరికి మావాళ్ళందరూ బావ మీద పడదామని పరిగెత్తుతున్నారు. బావ వాళ్ళకి దొరకట్లేదు. తను బంతి కోసం పరిగెత్తుతున్నాడు. బంతి దొర్లిపోతే వెళ్ళి తేవాలి, అంతే తెలుసు తనకి. గోల్లోకి వెళ్ళి, వంగి, అల ఎక్కడ లాక్కుపోతుందో అన్నట్టు రెండు చేతులా పట్టుకుని, మధ్య గీత దాకా మోసుకొచ్చి రిఫరీకి ఇచ్చాడు. అప్పుడు చుట్టూ చూసి, "పడిందా?" అని అడిగాడు.

రెండుకి ఒకటితో గెలిచాం.

ఆ సాయంత్రం ఊరి మొదట్లో టీకి ఎవరూ దిగలేదు. తిన్నగా అక్క ఇంటి ముందే ఆపాను. హారన్ కొట్టబోయి మానేశాను. అక్క అరుగు మీద కత్తిపీట ముందు కూర్చుని చేపలు చేస్తోంది. బావ బంతి పట్టుకుని దిగి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, బావ గోల్ కొట్టాడు" అన్నాను.

అక్క తలెత్తలేదు. "దెబ్బలేమన్నా తగిలాయా?"

"నిజంగా కొట్టాడే."

"ఇంట్లో సేమియా లేదురా" అంది.

నాకు ఎవరైనా అంత గట్టిగా తగిలేలా మాట అనడం అదే మొదలు. గబగబా ఫోన్ తీసి చూపించాను.

"ఇదేంటి?"

"ఆకాశం."

"గోల్ ఏది?"

"ఆకాశం కింద ఉంది."

అక్క మళ్ళీ చేప అందుకుంది. "నువ్వయినా చెప్పు బావా" అన్నాను. బావ బంతి మీది మట్టి గోటితో గీకుతున్నాడు. "నా గోల్ నేను చెప్పుకుంటే ఏం బావుంటుందిరా. నువ్వే చెప్పు" అన్నాడు.

నా బతుకులో ఒక సంగతిని ఉన్నదున్నట్టు చెప్పడం ఎలాగో నాకు అప్పటికి తెలియదు. మెట్టు మీద కూర్చున్నాను. మొదట్నుంచీ చెప్పాను. తూర్పున ఇద్దర్ని కాపలా పెట్టడం, బావ పడమరకి రావడం, నీడగా ఉందనడం, ఇచ్చి పరిగెత్తడం, బంతి స్తంభానికి తగలడం. అక్క కత్తిపీట చప్పుడు ఆగలేదు. "గోల్ పడ్డాక అందరూ బావని ఎత్తుకుందామని వస్తుంటే బావ ఆగలేదే. బంతి తేవడానికి పరిగెత్తాడు. తెచ్చి రిఫరీకి ఇచ్చి, పడిందా అని అడిగాడు" అన్నాను.

కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

అక్క బావ వైపు చూసింది. "బంతి తేవడానికి వెళ్ళావా?"

"వెళ్ళాను" అన్నాడు బావ, తప్పు చేసినవాడిలా.

"ఇది వీడు కల్పించలేడు" అంది అక్క. ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. చేతికి పొలుసులు ఉన్నాయి కదా, రెండు బుగ్గకి అంటుకుని మెరిశాయి. తర్వాత నా మీద కేకేసింది. "చూస్తావేంట్రా, వెళ్ళి సేమియా పట్రా!"

ఫైనల్లో తుని వాళ్ళ చేతిలో ఓడిపోయాం. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఉన్నా చెప్పను. బావ మాట ప్రకారం ఆట మానేశాడు. ఆ ఏడాది తుపానుకి గ్రౌండు సగం పోయింది, మరుసటి ఏడాదికి మిగిలిన సగం. దక్షిణం వైపు కర్రలు రెండు, పోటు తగ్గినప్పుడు కొన్నాళ్ళు తలలు బయటపెట్టేవి. ఆటో అక్కడ ఆపి ఇది లైను, ఇది బావ చోటు అని లెక్క వేసుకునేవాణ్ణి. ఇప్పుడు అవీ లేవు. జట్టు ఊరి లోపల బడి గ్రౌండులో ఆడుతోంది. నాలుగు పక్కలా నేలే. రెండు పక్కలకీ సమానంగా ఇస్తారు, ఇచ్చినవాడు ఆగడు, కేక గోలీదే. చాలా బాగా ఆడుతున్నారు, గెలుస్తున్నారు కూడా. నేను చూస్తాను. చూస్తున్నంతసేపూ తూర్పు వైపు అల చప్పుడు లేకపోవడం ఒకటి వినిపిస్తూ ఉంటుంది.

నా పాత జోకులు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు. అక్క ఇంటికి చుట్టాలెవరైనా వస్తే మాత్రం నాకు కబురొస్తుంది. "గోల్ సంగతి చెప్పరా" అంటుంది. బావ పక్కనే వల అల్లుకుంటూ, విననట్టు కూర్చుంటాడు. నేను చెప్తాను. ఉన్నదానికి ఒక్క ముక్క కలపను. మొన్న మాత్రం, లోడుకి వేళైపోతోందని, బంతి స్తంభానికి తగిలి లోపల పడింది, గెలిచాం అని చెప్పేసి లేచాను.

"కూర్చో" అంది అక్క. "బంతి తేవడానికి వెళ్ళాడు, అది చెప్పవేం?"